ఇరవై నాలుగో వరుస

ఫిబ్రవరి 16, సోమవారం. ఉదయం 6.10

శుభారంభం! కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త శ్రీరమ్య.

దీక్ష: ఈ రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల పాటు నేను రాసిన ప్రోగ్రాము తెర మీద ఒక్క అబద్ధం కూడా చెప్పదు.

వెంకటరావమ్మ గారి కోల్డ్ స్టోరేజీకి నేను చేసిచ్చిన ప్రోగ్రాములో బొమ్మలుండవు, మౌస్ ఉండదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఇరవై నాలుగు వరుసలు. అంతే. మౌస్ పెడితే మిర్చి దుమ్ముకి వారం తిరక్కుండా చచ్చిపోతోంది. ఇప్పటికి నాలుగింటిని సాగనంపాం. పైన ఇరవై మూడు వరుసల్లో రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు, ఏ చాంబరు. (టిక్కీ అంటే మిర్చి బస్తా. హైదరాబాద్‌లో ఉండే మా అక్కకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆలూ టిక్కీయే గుర్తొస్తుంది.) అట్టడుగున ఉన్న ఇరవై నాలుగో వరుస నా సొంతం. అక్కడ ప్రోగ్రాము మనిషితో మాట్లాడుతుంది. 'ఆగండి', 'అయింది', 'కాలేదు'.

నియమాలు:
1. పని అయ్యాకే 'అయింది' అనాలి.
2. ఎంతసేపు పడుతుందో తెలియకపోతే 'తెలియదు' అనాలి.
3. తప్పు ప్రోగ్రాముదైతే మనిషి మీదికి నెట్టకూడదు.

మూడోది రాస్తుంటే చెయ్యి ఆగింది. డైరీయే కదా, రాసేస్తాను.

పోయిన సీజన్లో ఎంటర్ నొక్కగానే కింద 'సేవ్ అయింది' అని వచ్చేసేది. నిజంగా సేవ్ కావడానికి ఇంకో నాలుగు సెకన్లు పట్టేది. చూడటానికి చురుగ్గా ఉంటుందని నేనే అలా పెట్టాను. ఒకరోజు సరిగ్గా ఆ నాలుగు సెకన్లలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆరిపోయింది. సంతమాగులూరు యలమందయ్య గారి అరవై రెండు టిక్కీలు లోపల చాంబర్లో భద్రంగా ఉన్నాయి, కంప్యూటర్లో మాత్రం లేవు. ఆగస్టులో ఆయన సరుకు తీసుకోవడానికి వస్తే 'ఈ పేరుతో ఏమీ లేదు' అంది తెర. కంబళ్లు కప్పుకుని రెండు రోజులు చలిలో వెతికారు హమాలీలు. ఆయన కూడా వాళ్లతోపాటే తిరిగారు.

నింద గుమాస్తా మాబు గారి మీద పడింది. పద్దెనిమిదేళ్లుగా ఆఫీసు గదిలో కూర్చుని పని చేసిన మనిషి. "సేవ్ అయిందని నా కళ్లతో చూశాను అమ్మగారూ" అన్నారు. ఎవరూ నమ్మలేదు. ఆయన్ని గేటు పక్కన రేకుల గదిలోకి మార్చేశారు.

ఆ సాయంత్రమే నేను కోడ్ తీసి చూశాను. తప్పు నాది. చడీచప్పుడు లేకుండా సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

చెబితే కాంట్రాక్టు పోతుంది. నాకున్న పెద్ద కాంట్రాక్టు ఇదొక్కటే. అందుకే ఈ దీక్ష. ఇకనుంచి తెర నిజం చెబుతూ ఉంటే ఆ పాత పాపం మెల్లగా కరిగిపోతుందని ఆశ. మంచి ఆలోచనే! పైగా చవక.

ఫిబ్రవరి 17, మంగళవారం. మధ్యాహ్నం 1.00

గేటు దగ్గర కొత్త ప్రోగ్రాము ఎక్కించాను. ఒక్క అబద్ధం లేదు!

కానీ నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. మాబు గారి బల్ల మీద మైకు ఉంది. సీజన్లో ట్రాక్టర్లు, లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి కాబట్టి, తెర మీద ఏమొస్తే అది ఆయన మైకులో చదువుతారు. ఆలోచించరు, ఆపరు, అక్షరం మార్చరు. ఒకసారి చదివి, "మళ్లీ చెబుతున్నాం" అని ఇంకోసారి చదువుతారు.

11.20కి ఒక రైతు ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ పడింది. నేనెప్పుడో రాసిన మెసేజ్ కింద వచ్చింది. మైకులో గణగణలాడింది.

"సుబ్బరావమ్మ చెల్లదు. తొలగించాలా? మళ్లీ చెబుతున్నాం. సుబ్బరావమ్మ చెల్లదు. తొలగించాలా?"

ఏడో ట్రాక్టర్ మీద నుంచి ఆవిడ దిగింది. కొంగు బిగించింది. వచ్చేసింది.

"ఎవడ్రా నన్ను తొలగించేది? నలభై ఏళ్ల నుంచి మిరప వేస్తున్నా, నేను చెల్లనా?"

"నేను కాదమ్మా, తెర అంటోంది" అన్నారు మాబు గారు.

"అయితే దాన్నే బయటికి రమ్మను!"

నేను తలుపు వెనక నుంచి అంతా విన్నాను. బయటికి రాలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం. సాయంత్రం 4.30

పొద్దున్నుంచీ మెసేజ్‌లన్నీ పైకి చదువుకుంటూ తిరగరాశాను. కంటికి కాదు, చెవికి. 'సుబ్బరావమ్మ గారి ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైందండి, చూసి చెప్పండి.' ఎంత మర్యాద!

ఒక చిక్కు: నల్ల తెరకి ఒక అక్షరానికి ఒక గడి అని లెక్క. మన ఒత్తులు పక్క గడిలోకి జారి, పక్క అక్షరం కాళ్ల మీద పడుతున్నాయి. ఒక్కో అక్షరానికి రెండు గడులిచ్చాను. ఇప్పుడు వరుసకి నలభై అక్షరాలే. మర్యాదగా మాట్లాడితే చోటు చాలదు, చోటు చూసుకుంటే మర్యాద ఉండదు. 'అండి'లు ఉంచి, మాటలు కోసేశాను.

మూడు రోజులు, సున్నా అబద్ధాలు! బహుమతిగా రెండు బజ్జీలు. సరే, నాలుగు.

ఫిబ్రవరి 20, శుక్రవారం. మధ్యాహ్నం 3.00

మాబు గారికి నిన్నటి నుంచి రంజాన్ రోజాలు. ఆ ఘాటులో, ఆ రేకుల కింద, చుక్క నీళ్లు లేకుండా మైకు! నేను సీసా పట్టుకుని ఆయనకి కనపడకుండా గోడ చాటుకెళ్లి తాగుతున్నాను.

ఈ రోజు రెండో నియమానికి పరీక్ష. గేటు కంప్యూటర్ నుంచి ఆఫీసుకి వెళ్లే వైరు పాతది, ఎండకి బీటలు వారింది. కాసేపు పలుకుతుంది, కాసేపు పలకదు. అది పలికేదాకా చీటీ అచ్చవదు. చీటీ రానిదే కాటా మీద ఉన్న బండి దిగకూడదు, వెనక బండి ఎక్కకూడదు. 12.05కి వైరు అలిగింది. తెర నిజం చెప్పింది. మైకు కూడా చెప్పింది.

"ఎంతసేపు పడుతుందో తెలియదండి. మళ్లీ చెబుతున్నాం. ఎంతసేపు పడుతుందో తెలియదండి."

పదకొండు ట్రాక్టర్ల డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. టీకి ఒకరు, టిఫినుకి ఇద్దరు, 'అక్కడిదాకా వెళ్లొస్తా' అని మిగతావాళ్లు. మూడు నిమిషాల్లో వైరు పలికింది. మనుషులే పలకలేదు. రోడ్డు మీద బస్సు ఆగిపోయి హారన్ మోత.

వెంకటరావమ్మ గారి ఫోన్.

"ఏం అమ్మాయ్, తెలియదని చెప్పడానికి నీకు డబ్బులిచ్చి ప్రోగ్రాము చేయించాలా? ఆ మాట మా వాచ్‌మన్ ఊరికే చెబుతాడు. జనం కదలకుండా నిలబడే మాటేదన్నా రాయి."

చూస్తానండి అన్నాను. గట్టిగా నిలబడాలని ఉంది. ఆవిడ ముందు నిలబడటం కష్టం.

ఫిబ్రవరి 21, శనివారం. ఉదయం 10.00

'కాసేపట్లో అవుతుందండి' అని మార్చాను.

ఇది అబద్ధం కాదు. కాసేపు ఎంతసేపో ఎవరూ ఎక్కడా చెప్పలేదు. దీక్ష చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం. సాయంత్రం 5.00

'కాసేపట్లో' అంటే జనం చెట్టు కిందికి పోతున్నారట. 'ఒక్క నిమిషం అండి' అని పెట్టాను. పెళ్లివారు, ప్లంబరు, మా నాన్న, అందరూ అనే మాటే కదా. అరవై సెకన్లని ఎవరూ అనుకోరు.

దానికి తోడుగా చుక్కలు పెట్టాను. ఎడమ నుంచి కుడికి వరుసంతా నిండుతూ పోతాయి, పక్కన శాతం. తొంభై దాకా ఒకే పరుగు. అక్కడ ఆగి వైరు కోసం చూస్తుంది. నిజానికి అది దేన్నీ కొలవడం లేదు. ఊరికే నిండుతుంది.

మాబు గారు క్రికెట్ స్కోరు చెప్పినట్టు చదువుతున్నారు: "అరవై శాతం... ఎనభై... తొంభై!" తొంభైకి వరుసలో ఈలలు. వెంకటరావమ్మ గారు స్వయంగా గేటు దాకా వచ్చి చూశారు.

"ఇప్పుడు చూడు, పని ఎంత తొందరగా అవుతోందో!"

పని వేగం నిన్నటిదే. చుక్కలే కొత్తవి. ఆవిడకి చెప్పలేదు. మెచ్చుకుంటుంటే మధ్యలో అడ్డు తగలడం మర్యాద కాదు.

ఫిబ్రవరి 24, మంగళవారం. మధ్యాహ్నం 2.40

యలమందయ్య గారు వచ్చారు. నలభై ఎనిమిది టిక్కీలు. కిటికీలో తల దూర్చి, వరుసంతటికీ వినపడేలా అన్నారు.

"ఏమయ్యా మాబూ, ఈసారన్నా ఎక్కిస్తావా? లేకపోతే మళ్లీ నన్ను ఆ చలిలో తిప్పుతావా?"

అందరూ నవ్వారు. మాబు గారు నవ్వలేదు, కోప్పడలేదు. ఎంటర్ నొక్కారు. 'అయింది' అని వచ్చాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేరు, ఊరు, టిక్కీలు, టైము చేత్తో రాసుకున్నారు. ప్రతి రైతుకీ అలాగే రాస్తున్నారని ఈ రోజే గమనించాను.

"తెర మీద ఉంది కదా మాబు గారూ, మళ్లీ ఎందుకు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"తెర మీద నమ్మకం లేక కాదు మేడమ్. రేపెవరన్నా అడిగితే నా దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా" అన్నారు.

నేను బల్ల కిందికి దూరి ప్లగ్గు సరిచేశాను. ప్లగ్గు బాగానే ఉంది. పది నిమిషాలు దాన్నే సరిచేశాను.

నియమాల పేజీ తిప్పి చూడలేదు.

ఫిబ్రవరి 26, గురువారం. సాయంత్రం 7.20

జరిగింది వరుసగా రాస్తాను.

5.56: వైరు తెగింది. ఈసారి అలక కాదు, నిజంగానే తెగింది. ఎవరిదో ట్రాలీ తగిలింది. కాటా మీద ఒక బండి ఉంది. గేటు తెర మీద చుక్కలు తొంభై దాకా వెళ్లి ఆగాయి. కింద 'ఒక్క నిమిషం అండి.'

6.00: నేను ఆఫీసులో. వైరు అతికే మనిషికి ఫోన్ మీద ఫోన్. వస్తున్నానన్నాడు. గేటు సంగతి నాకు గుర్తే లేదు.

6.17: మసీదు నుంచి అజాన్ వినిపించింది, రోజా విడిచే వేళ. మాబు గారి ఖర్జూరాలు, నీళ్లు బయట కుళాయి పక్కన బల్ల మీద ఉన్నాయి. చేతులు మోచేతుల దాకా మిర్చి దుమ్ము. వెళ్లి సబ్బుతో కడుక్కోవాలి. ట్రాక్టర్ డ్రైవర్ చెప్పాడట, "మీరెళ్లండి సాయిబు గారూ, నేను చూస్తుంటా" అని. "ఒక్క నిమిషమే అంటోంది బాబూ, నీ బండి దింపి పోతా" అన్నారట.

6.41: వైరు అతికింది. చీటీ వచ్చింది. బండి దిగింది. అప్పుడు లేచారు.

ఇరవై నాలుగు నిమిషాలు. పొద్దుటి నుంచి చుక్క నీరు తాగని మనిషి, నేను ఊరికే రాసిన ఒక్క మాట నమ్మి కూర్చున్నారు.

పరుగెత్తుకెళ్లి సారీ చెప్పాను. "వైరు తెగితే మీరేం చేస్తారు మేడమ్" అని నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టారు.

ఫిబ్రవరి 27, శుక్రవారం. ఉదయం 9.15

జ్వరమని ఫోన్ చేసి చెప్పాను. జ్వరం లేదు.

ఈ రోజుకి లెక్క: 'ఒక్క నిమిషం', అబద్ధం. చుక్కలు, అబద్ధం. తొంభై శాతం, శుద్ధ అబద్ధం. జ్వరం, అబద్ధం. పదకొండు రోజుల కిందట ఒకటే ఉండేది.

దీక్ష లేదు, గీక్ష లేదు. ఆ ఒక్కటి చెప్పకుండా మిగతావన్నీ ఎంత కడిగినా తెల్లబడవు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. మూడో నియమం దగ్గర చెయ్యి ఊరికే ఆగలేదు.

11.00: అమ్మ మిరియాల కషాయం తెచ్చింది. అబద్ధపు జ్వరానికి నిజం కషాయం. తాగాను.

ఫిబ్రవరి 28, శనివారం. సాయంత్రం 6.00

10.15: వెంకటరావమ్మ గారి గదిలోకి వెళ్లాను. "అమ్మా, ఒక మాట చెప్పాలి." "చెప్పు." "ప్రింటర్‌కి కొత్త రిబ్బన్ కావాలండి." బయటికొచ్చాను.

10.40: గేటుకి వెళ్లాను. "మాబు గారూ..." "ఏంటి మేడమ్?" "టీ తాగారా?" రోజాలో ఉన్న మనిషిని! ఆయన నావైపు జాలిగా చూశారు.

11.30: నోటితో కాదని తేలిపోయింది. ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చుని గేటు తెర కింది వరుసకి పంపాను. ఒక వరుస చాలలేదు. నాలుగు వరుసలైంది.

ఎంటర్ నొక్కాక గాని గుర్తు రాలేదు, ఆయన చదివేస్తారని. నిజం రాస్తానన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను: గుర్తుంది. అందుకే పంపాను.

మైకులో లాట్ నంబర్లు చదివే గొంతే వినిపించింది.

"పోయిన ఏడాది యలమందయ్య గారి టిక్కీలు కంప్యూటర్లో లేకపోవడం ప్రోగ్రాము తప్పు. మాబు గారు ఎక్కించారు. తెర అబద్ధం చెప్పింది. ఇట్లు శ్రీరమ్య."

అలవాటుగా అనేశారు: "మళ్లీ చెబుతున్నాం."

మైకు ఊరికే గుయ్యిమంటోంది. వరుసలో ఎవరో ఇంజన్ ఆపారు. ఇంకొకరు ఆపారు.

"పోయిన ఏడాది... యలమందయ్య గారి టిక్కీలు..." మెల్లగా, ఒక్కో మాటా చూసుకుంటూ చదివారు. "మాబు గారు ఎక్కించారు" దగ్గర ఆగారు. తెర మీద లేని మాట మైకులో అనడం ఆయన విషయంలో అదే మొదటిసారి.

"నేను ఎక్కించాను" అన్నారు.

వెంకటరావమ్మ గారు వరండాలోకి వచ్చారు.

"అమ్మాయ్, అది నువ్వు రాసిందేనా?"

"అవునండి."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆగస్టులోనే అండి."

తిడతారనుకున్నాను. కుర్చీలో కూలబడ్డారు. "మరి నేను వాణ్ణి అన్న మాటలన్నీ?" అన్నారు, నన్ను కాదు. తర్వాత నాతో చెప్పారు: "సీజన్ మధ్యలో నిన్ను తీసెయ్యలేను. అయ్యాక చూద్దాం. ముందు వాడి కుర్చీ వాడి గదిలో వేయించాలి."

మాబు గారు మధ్యాహ్నం నమాజు చేసుకుని నా దగ్గరికి వచ్చారు. నిలబడే మాట్లాడారు.

"ఆరు నెలలు మేడమ్. మీరు వారానికోసారి వస్తూనే ఉన్నారు. ఊరందరికీ మైకులో చెప్పించే ముందు నాకో మాట చెప్పొచ్చుగా. నేను గేటు దగ్గరే ఉన్నాగా."

"భయమేసింది మాబు గారూ."

"నాకూ వేసింది, ఆగస్టులో" అన్నారు. వెళ్లిపోయారు.

పర్వాలేదు అనలేదు. అంటారని ఎదురుచూశాను. అనకపోవడమే న్యాయం.

మార్చి 1, ఆదివారం. ఉదయం 8.00

మొదటి రోజు. మళ్లీ.

చుక్కలు తీసేశాను. వైరు అలిగితే కింది రెండు వరుసల్లో ఇకనుంచి వచ్చేది ఇది: 'వైరు పలకడం లేదండి. ఎంతసేపో తెలియదు. బండికి ఒకరుండి, మిగతావాళ్లు వెళ్లి రండి.' పొద్దున్నే వెంకటరావమ్మ గారికి ఫోన్లో చదివి వినిపించాను. "బండికి ఒకరుండి" దగ్గర ఊఁ కొట్టారు.

నియమాలు ఈసారి మూడు కాదు, ఒకటే. ముందు నోటితో, తర్వాత తెర మీద. ఇరవై ఒక్క రోజులు. ఈసారి తప్పకుండా!

8.35: మాబు గారి ఫోన్. నిన్న వెళ్లిపోయాక ఇదే మొదటి మాట. వెనక ట్రాక్టర్ల మోత, కుర్చీ ఇంకా గేటు దగ్గరే ఉన్నట్టుంది.

"మేడమ్, చీటీలు సగమే అచ్చవుతున్నాయి. ఎక్కడిదాకా వచ్చారు?"

ఆదివారం. నేను పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నాను. తలనిండా నూనె. కుంకుడుకాయలు ఇంకా నానుతున్నాయి. నాలుక చివరికి 'దారిలో ఉన్నానండి' వచ్చేసింది. సగం దాకా వచ్చింది. మింగేశాను.

"నల్లపాడులో మా ఇంట్లోనే ఉన్నాను మాబు గారూ. తలకి నూనె రాసుకున్నాను. తలంటుకుని వచ్చేసరికి రెండు గంటలు పడుతుంది."

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన శబ్దం. కోపమొచ్చిందనుకున్నాను. ఫోన్ బల్ల మీద పెట్టిన శబ్దం. తర్వాత దూరంగా, గణగణలాడుతూ మైకు.

"అందరికీ గమనిక. కంప్యూటర్ మేడమ్ గారు తలకి నూనె రాసుకున్నారు. రెండు గంటలు పడుతుంది."

ట్రాక్టర్ల మీద నుంచి నవ్వులు. ఒక గొంతు సుబ్బరావమ్మ గారిదే, అనుమానం లేదు.

"మళ్లీ చెబుతున్నాం" అనేలోపు ఫోన్ పెట్టేసి కుంకుడుకాయల దగ్గరికి పరుగెత్తాను.